సఫెత్ ఉస్తాద్ తీసిన మీసాలు

టర్కీ రిపబ్లిక్ చరిత్రను పండితులు రాజ్యాంగంతో మొదలుపెడతారు. నా మటుకు నేను పై పెదవితో మొదలుపెడతాను. వామపక్షంవారి మీసం పెదవిని కప్పేసేది. జాతీయవాదులది గడ్డం దాకా వేలాడేది. మత పార్టీవారిది బాదం గింజంత, పొట్టిగా, పెదవి అంచు కనబడేలా ఉండేది. మా ఊళ్ళో ఈ మూడు సిద్ధాంతాలకూ రూపమిచ్చినవాడు ఒక్కడే, మంగలి సఫెత్ ఉస్తాద్. ఆయనకు మాత్రం మీసం లేదు. ఎందుకని అడిగితే, "వడ్డించేవాడు పంక్తిలో కూర్చుంటాడా, మాస్టారూ?" అనేవాడు.

ఎనభైలో సైన్యం గద్దెనెక్కినప్పుడు కుర్రాళ్ళను లైనుగా తెచ్చి ఆయన కుర్చీలో కూర్చోబెట్టారు. కుడీ ఎడమా తేడా లేకుండా అన్ని మీసాలూ ఒకే తొట్టిలో పడ్డాయి. అటునుంచి జైలుకు పోయిన ఆ కుర్రాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. ఈ సంగతి ఉస్తాద్ ఎన్నడూ నోరెత్తి చెప్పలేదు. ఆయన భార్య చెబితే తెలిసింది.

తొంభై ఏడులో ప్రధానమంత్రి మత పార్టీవాడే. ఫిబ్రవరి ఆఖరున సేనానులు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, లౌకిక రాజ్యాన్ని కాపాడే షరతుల జాబితా చేతిలో పెట్టారు. మార్చిలో మా ఊరికి కబురొచ్చింది. అంకారా నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు, సర్కారు కొలువులో మత పార్టీ మనుషులెవరో చూసుకుని పోతాడు. పట్టుబడితే సరిహద్దు బదిలీ, కాదంటే ఉద్యోగమే పోతుంది.

జనన మరణాలు రాసే కచేరీలో గుమాస్తా వెహ్బీ, ఉస్తాద్ తమ్ముడు. అతనికి బాదం మీసం. ఉస్తాద్ కబురు పెట్టి మరీ పిలిపించాడు.

"కూర్చో."

"ఏం అన్నా, మా పార్టీ ఓట్లతో గెలిచింది. దొంగతనం చెయ్యలేదుగా."

"మీసం కూడా దొంగిలించింది కాదులే. కూర్చో."

"గడ్డం గీసి వదిలెయ్. మీసం జోలికి రాకు."

"ఒరేయ్, ఎనభైలో ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు నీకంటే గట్టి గుండెలే ఉండేవి."

వెహ్బీ కుర్చీలో వెనక్కి వాలాడు. వేడి తువ్వాలు మొహం మీద పడింది. రెండు గీతల్లో పని అయిపోయింది. సాయంత్రానికల్లా కచేరీలోని తక్కిన ఎనిమిది బాదం మీసాలూ అదే కుర్చీకి వచ్చాయి. "మాకూ అలాగే, ఉస్తాద్. అందరితో పాటే!"

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నటి మనిషి, బూడిదరంగు కోటు. టీ తాగుతూ గుమాస్తాలందర్నీ గోడవారగా నిలబెట్టాడు. పార్టీ పేరెత్తలేదు. ఒక్కో మొహం దగ్గరా కాసేపు ఆగి, వెహ్బీ దగ్గర నిలిచాడు.

"మీ ఊళ్ళో ఎండలెక్కువా?"

"అదేం మాట సార్? కిటికీ అవతల మంచు పడుతోంది కదా."

"మరి మొహమంతా గాలికి కమిలిపోతే, ఆ పెదవి పైన మాత్రం పాలు పోసినట్టుందేం?"

చలికాలం పొడుగునా మీసం కింద దాగిన తొమ్మిది తెల్లటి చారలు తొమ్మిది మొహాల మీద మెరుస్తున్నాయి. మీసాలుంటే మామూలు అలవాటని బుకాయించవచ్చు, ఊళ్ళో ఎవరో ఒకరు చాడీ చెబితే తప్ప ఆయనకు రుజువు దొరికేది కాదు. ఇప్పుడు ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేకపోయింది. తాపీగా తొమ్మిది పేర్లు రాసుకుని, టీ బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు.

పదిహేను రోజుల్లో వెహ్బీకి ఇరాక్ సరిహద్దు దగ్గరికి బదిలీ వచ్చింది. బస్సు దగ్గర ఉస్తాద్ తమ్ముడి మొహం వంక చూడలేకపోయాడు.

"నా చేతులతో నేనే పట్టించాను కదరా."

"బెంగపడకు అన్నా. సొంత తమ్ముణ్ణి ఉచితంగా పట్టించిన మంగలి ఈ జిల్లాలో నువ్వొక్కడివే."

ఉస్తాద్ నవ్వలేదు. ఆ తరవాత ఎవరు మీసం తియ్యమన్నా, "ఇంటిదగ్గర తీసుకో బాబూ" అని కత్తి పక్కన పెట్టేసేవాడు. మరుసటి జనవరిలో కోర్టు ఆ పార్టీనే మూసేసింది.

వెహ్బీ రాసిన మొదటి ఉత్తరంలో ఉన్న విశేషం ఒక్కటే. మీసం మళ్ళీ పూర్తిగా రావడానికి ఆరు వారాలు పట్టిందట.