సింధు పండితుడి కథకు నా ఊ

ఈ అరబ్బు దేశంలోని రుమైథియాలో నేను పనికి కుదిరిన ఇంటి మామా ఒకప్పుడు బళ్లో మతపాఠాలు చెప్పిన పంతులమ్మ. ఇక్కడ ఇంటి యజమానురాలిని మేం మామా అనే పిలుస్తాం. పక్షవాతం వచ్చాక కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి గానీ నాలుక మొద్దుబారింది, మాట ముద్దముద్దగా వచ్చేది. ఎంత మాట్లాడితే అంత మంచిదని డాక్టరు చెప్పాడు. ఆవిడేమో నోటికి తాళం వేసుకు కూర్చుంది. జీవితమంతా పిల్లల ఉచ్చారణ దిద్దిన మనిషికి తన నోట తప్పు వినడం చావుతో సమానం.

జబ్బు చెయ్యక ముందు ఆ ఇంటి హాలు ఆడవాళ్లతో నిండిపోయేదట. ప్రవక్త జీవితాన్ని ఎవరెవరు ఎలా రాశారో మామా వాళ్లకు చెప్పేదట. అందులోనూ సింధు పండితులంటే ఆవిడకు ప్రాణం, ఎందుకంటే ఆవిడ తల్లి సింధు దేశపు ఆడపడుచు. ఇక్కడి వర్తకుల పడవలు కరాచీ రేవుకు వెళ్లొచ్చే రోజుల్లో పెళ్లయి వచ్చిందట. ఆ తల్లి పుణ్యాన మామాకు ఉర్దూ వచ్చు. నా విరిగిన అరబ్బీ, మదనపల్లె నుంచి తెచ్చుకున్న వచ్చీరాని హిందీ, ఆవిడ ఉర్దూ కలిపి మాకొక భాష తయారైంది. వ్యాకరణం ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కాళ్లకు నూనె రాస్తూ ఉన్నాను. ఆ ఇంటి నిశ్శబ్దం నాకు పడదు. మా ఇళ్లల్లో పోట్లాటైనా ఉంటుంది, ఇక్కడ ఏసీ శబ్దం తప్ప ఏమీ లేదు.

"ఏం మామా, ఆ ఆడోళ్లకంతా కతలు చెప్తా ఉంటివంట. నాకొకటి చెప్పరాదా? నేనేం పరీచ్చలు పెడతానా?" అన్నాను.

నా ముందు సిగ్గుపడేదేముంది అనుకుందో ఏమో, పెదవి కదిపింది. "సింధు నుంచి ఒకతను... మదీనాకు వచ్చాడు."

"ఊ," అన్నాను.

ఆవిడ ఆగి నా మొహంలోకి చూసింది. "బానిసగా తెచ్చారు."

"ఊఁ..."

"యా బింత్, కడుపు నొప్పా?" అంది కంగారుగా. అమ్మాయ్ అని పిలవడం అది. మందుల పెట్టె వైపు చెయ్యి కూడా చూపించింది. నేను మూలుగుతున్నాననుకుంది పాపం.

నాకు నవ్వాగలేదు. "నొప్పీ లేదు గిప్పీ లేదు మామా! మా పక్క కత చెప్పేటోళ్లకు ఊ కొట్టాల. ఊ ఆగిందంటే వినేటోళ్లు నిద్రపోయినారని లెక్క, కత కూడా ఆడికే ఖలాస్," అన్నాను.

ఆవిడ ఒక పక్కకే సాగే నోటితో నవ్వింది. నేనా ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నాకు పట్టరాని సంతోషం వేసింది, నూనె సీసాను కాలితో తన్నేశాను కూడా.

ఆ రోజు నుంచి కాళ్లకు నూనె, నోటికి కథ. ఆ సింధు మనిషికి అరబ్బీ నాలుక తిరిగేది కాదట. కాఫ్ అనే అక్షరం పలకాల్సిన చోట గొంతులోంచి ఖాఫ్ అనేవాడట. అయినా పెద్దవాళ్ల చుట్టూ తిరిగి, ప్రవక్త చేసిన ప్రయాణాలూ యుద్ధాలూ అడిగి తెలుసుకుని గ్రంథంగా కూర్చాడట. తర్వాతి చరిత్రకారులు అతని మాటలు తీసుకుని రాసుకున్నారట. ఎన్నో వందల ఏళ్ల తర్వాత సింధులోనే థట్టా అనే ఊళ్లో ఒక పండితుడు ప్రవక్త బతుకును ఏడాది తర్వాత ఏడాదిగా అరబ్బీలో పేర్చాడట. ఆయనే చదువురాని పల్లెజనం విని గుర్తుపెట్టుకోవాలని సింధీలో పద్యాలు కట్టాడట. మామా తల్లి రొట్టెల పిండి పిసుకుతూ సింధీలో ప్రవక్త మీద పాటలు పాడుకునేదట. అది చెప్పిన రోజు ఆవిడ కళ్లు తడిశాయి, నావీ తడిశాయి.

నేను వెంకన్నకు దండం పెట్టుకునేదాన్ని. నాకు ఆ కథల్లో భక్తి కన్నా కుతూహలమే ఎక్కువ. కానీ ఖాఫ్ అని పలికే ఆయన మాత్రం తెగ నచ్చాడు. మా పక్క ఖలాస్‌ను కలాస్ అనేవాళ్లు కోకొల్లలు.

మామా కూతురు మంచిదే, అమ్మంటే పడిచస్తుంది. ఆడవాళ్లను మళ్లీ పిలుద్దామని ఆ పిల్లే తలపెట్టింది. కానీ చెప్పడానికి వేరే పంతులమ్మను కుదిర్చింది. "అమ్మ మాట తడబడితే జనం జాలిపడతారు, ఆ జాలి ఆమె తట్టుకోలేదు," అని నాతో వంటింట్లో అంది. మామా ఆ సంగతి విని గోడ వైపు తిరిగి పడుకుంది, ఆ పూట కథ లేదు. ఆడవాళ్లు వచ్చే రోజు గానీ కథ చెప్పే కుర్చీ ఇంకొకరికి వదిలేస్తే ఈవిడ మళ్లీ జన్మలో నోరు తెరవదు. కష్టపడి కూడగట్టిన మాటలన్నీ గంగలో కలుస్తాయి. చెప్పుకోవడానికి నాకెవరున్నారక్కడ? చపాతీ కర్రతో చెప్పుకున్నాను.

పిలిచిన రోజు సాయంత్రం హాలు నిండింది. పరిమళాలు, ఖర్జూరాలు, టీ గ్లాసులు. కొత్త పంతులమ్మ గొంతు సవరించుకుంది. అప్పుడు మామా చెయ్యెత్తింది.

"అనా," అంది. నేను, అని.

కూతురి మొహం పాలిపోయింది. మామా మొదలుపెట్టింది. సింధు నుంచి ఒకతను వచ్చాడంది. మాట ముద్దగానే వచ్చింది. అందరూ మర్యాదగా తలలు వంచుకుని మౌనంగా ఉన్నారు. ఆ మర్యాదే ఆవిడ గొంతు నొక్కుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మదీనా అనబోయి ఆగిపోయింది. మళ్లీ అనబోయింది, మళ్లీ ఆగింది.

నేను టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆలోచించి చెయ్యలేదు. "ఊ!" అన్నాను, గట్టిగానే.

తలలన్నీ తిరిగాయి. ఒకావిడ, "ఈ పిల్లకు ఒంట్లో బాగాలేదా?" అంది.

"ఏ జబ్బూ లేదు," అంది మామా. "తర్వాత ఏమయిందని అడుగుతోంది."

ఎవరో ఫక్కున నవ్వారు. హాలంతా తేలికపడింది. మామా మదీనా చేరింది, బానిసను విడిపించింది, అతని నాలుక తిరగని సంగతి కూడా చెప్పింది. "మరి ఎవరూ దిద్దలేదా?" అని వచ్చినవాళ్లలో ఒకమ్మాయి అడిగింది.

"ప్రవక్త ముచ్చట వినాలని వచ్చినవాళ్లకు అక్షరం దిద్దే తీరిక ఎక్కడిది?" అంది మామా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని.

అంతలో ఆవిడ నోటి చివర నుంచి లాలాజలం సన్నగా గడ్డం మీదికి జారింది. అందరూ చూశారు. కూతురు కాగితం రుమాలు లాగి గబుక్కున సగం లేచింది. మామా అదేమీ పట్టించుకోలేదు, చెబుతూనే ఉంది. కూతురు నిలబడిపోయింది. తర్వాత మెల్లగా తల్లి కాళ్ల దగ్గర కింద కూర్చుంది. రుమాలు పిడికిట్లోనే ఉండిపోయింది.

"ఆ తర్వాత, అమ్మా?" అంది.