అనప పాదులకు పోసిన నీళ్ళు

మా అపార్ట్‌మెంట్ పక్కన ముళ్ళకంప పెరిగిన ఖాళీ స్థలాన్ని ఆడవాళ్ళమంతా కలిసి బాగుచేసి అనపగింజలు నాటాం. తిరుపతిలో నీళ్ళ కరువు కొత్త కాదు. అందుకే వంటింట్లో వాడిన నీళ్ళు ఎవరూ కాలువపాలు చేయకుండా గేటు దగ్గరి డ్రమ్ములో పోయాలని నేనే గట్టిగా చెప్పాను. అసోసియేషన్ పెద్దాయనకు ఈ తోట పని మొదటినుంచీ గిట్టలేదు.

"నెలాఖరుకు పచ్చగా కనబడకుంటే సిమెంటు పోసి కార్లు పెట్టుకుంటాము" అన్నాడు.

మొలకలు బాగానే వచ్చాయి. ఆకులు విచ్చాక అంచులు మాడడం మొదలైంది. కూర్చున్నా నిలబడ్డా నాకు మనసు నిలవలేదు. పొయ్యి మీద కూర పెట్టి కిందికి దిగేదాన్ని. ఆకులు తిరగేసి చూస్తే పురుగు లేదు. పైకి వచ్చేసరికి కూర అడుగంటేది. మాడిందని పారేసే అలవాటు మా ఇంట్లో లేదు, అదే తిన్నాం.

ఒక పొద్దున పై అంతస్తువాళ్ళ కోడలు డ్రమ్ములో బిందె వంచుతోంది. నీళ్ళు పసుపు రంగులో ఉన్నాయి. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.

"ఏందమ్మే ఇది, ఇంత ఉప్పగా ఉండాది?"

"కూరగాయలు కడిగిన నీళ్ళవ్వా. మందు కొట్టింటారు కదా, ఉప్పూ పసుపూ ఏసి నానబెడతాము. అందరిండ్లల్లో అంతే."

"అందరిండ్లల్లోనా!"

"సుక్క గూడా పారబొయ్యొద్దని నువ్వే కదవ్వా అంటివి."

"సెట్లకు నీళ్ళు పొయ్యమంటి. ఊరగాయ పెట్టమంటినా?"

ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మందు లేని కాయ తిందామనే కదా ఈ తోట వేసుకున్నది! మందుకు భయపడి వేసిన ఉప్పే దాన్ని కాల్చేస్తోంది.

డ్రమ్ము బోర్లించాం. మట్టిలోని ఉప్పు దిగిపోవాలంటే మంచినీళ్ళు పారించాలి, మాకు కొళాయి వచ్చేది రోజు విడిచి రోజు. స్నానానికి పట్టుకున్న నీళ్ళు తెచ్చి పాదుల్లో పోశాను. అది చూసి తక్కినవాళ్ళూ బిందెలతో దిగారు.

నెలాఖరున పెద్దాయన స్థలం కొలిచే టేపు పట్టుకుని వచ్చాడు. కొన్ని పాదులు ఎండిపోయాయి. మిగిలినవాటికి లేత తీగలు సాగి కర్రలు పట్టుకున్నాయి.

"సగమే కదమ్మా పచ్చగా ఉండేది?"

"అయితే సగానికే సిమెంటు పొయ్యి సామీ. నీ కారు సగం నిలబెట్టుకో."

వెనక ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన టేపు చుట్టుకున్నాడు.

"సరే, కాయ కాసేదాకా సూస్తాము. కాయకుంటే మళ్ళా వస్తా."

ఇంకా పూత రాలేదు. గేటు దగ్గర స్టూలు వేసుకుని, వచ్చే ప్రతి బిందెలోనూ వేలు ముంచి రుచి చూస్తున్నాను.