పీత చెప్పులు, బొమ్మ కార్డులు

ఆ రోజుల్లో నవ్వు చాలా బాధ్యత గల వ్యవహారం. ఇప్పటి పిల్లలు దేనికి పడితే దానికి నవ్వేస్తున్నారు, ఎవరినీ అడగడం లేదు. మేము అలా పెరగలేదు. పిల్లల పుస్తకంలో ఒక నవ్వు అచ్చు కావాలంటే దాని చివర ఒక నీతి, ఆ నీతి కింద మూడు ప్రశ్నలు ఉండాల్సిందే. వెక్కిరించడానికి చెప్పడం లేదండీ. ఆ మూడు ప్రశ్నలు రాసే ఉద్యోగం నాదే.

మోండా మార్కెట్ వెనక సందులో కింద ఉల్లిపాయల గోదాము, పైన మా పిల్లల మాసపత్రిక. బి.ఏ. పూర్తయిన వేసవిలో అక్కడ చేరాను. సంపాదకులు రిటైరైన హెడ్మాస్టరు. ప్రెస్సులో అందరూ ఆయన్ని నీతి మాస్టారు అనేవాళ్లు (ఆయన లేనప్పుడు). ప్రతి హాస్యకథ కిందా ‘ఈ కథలో మీకు నవ్వు ఎక్కడ వచ్చినది? ఎందుకు వచ్చినది? వచ్చిన నవ్వు వలన మీరు నేర్చుకొన్నదేమి?’ అని ఉండాలన్నది ఆయన నియమం. కథ మారినప్పుడల్లా ఈ ప్రశ్నలను కొద్దిగా అటూ ఇటూ మార్చి రాసేదాన్ని. సీసపు అక్షరాలు పేర్చే కంపోజింగ్ అన్న ఒకరోజు చేతిలో పని ఆపి, నవ్వుకు సుత పరీక్ష వెడితే పోరగాళ్లు పరేషాన్ గారా అమ్మా అని అడిగాడు. నాకూ అలాగే అనిపించేది. కానీ నేనింకా పర్మనెంటు కాలేదు, అందుకని అనిపించనట్టు ఉండేదాన్ని.

ఆరు నెలల్లో పర్మనెంటు చెయ్యకపోతే నా గతి ఏమిటో మా నాన్న ముందే తేల్చేశారు. ఆయన బడిలో టీచరు, చిలకలగూడలో మా చర్చికి పెద్ద కూడాను. బి.ఇడి. దరఖాస్తు తెచ్చి, నా సంతకం తప్ప అన్నీ నింపి బల్ల మీద పెట్టారు. నవ్వించడానికి నెలనెలా జీతం ఎవరిస్తారే అమ్మడూ, అది సరదా గాని ఉద్యోగం కాదు అనేవారు. నాకు టీచరు కావాలని లేదు. ఆదివారం ఆదివారం మా చర్చి సండే స్కూల్లో ముప్ఫై మంది పిల్లలకి కథలు చెప్తున్నాను, వాళ్లకీ నాకూ అది సరిపోయింది. పత్రికలో ఉండిపోవాలి, సొంతంగా ఒక్క నవ్వు కథ రాయాలి, దాని కింద ప్రశ్నలు ఉండకూడదు. నా కోరిక అంతే.

పదకొండు రోజులు కూర్చుని రాశాను. ఒక పీత పెళ్లికి వెళ్లడానికి నాలుగు జతల చెప్పులు కొంటుంది. ఏడో చెప్పు వేసుకునేసరికి మొదటిది ఎడమదో కుడిదో గుర్తుండదు. అన్నీ విప్పి మళ్లీ మొదలుపెడుతుంది. అలా విప్పుతూ వేసుకుంటూ పెళ్లికి చేరేసరికి అక్కడ పెళ్లికూతురి బిడ్డకి పేరు పెడుతుంటారు. రాస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే అమ్మ వచ్చి నుదురు పట్టుకు చూసి, వేడేమీ లేదని నాన్నకి చెప్పింది. మాస్టారు మాత్రం ఆ కథని చావు కబురు చదివినట్టు రెండుసార్లు చదివారు. చదివి, “పిల్లలే చెప్పాలి. ఈ ఆదివారం మీ సండే స్కూలుకి వస్తాను, నేనే చదువుతాను. వాళ్లు నవ్వితే ప్రశ్నలు తీసేస్తాను, నువ్వు పర్మనెంటు. నవ్వకపోతే ప్రశ్నలు ఉంటాయి,” అన్నారు. నువ్వుండవు అనలేదు. మర్యాదస్తుడు.

ఆదివారం ఆయన నిలువు బొట్టుతో, ఇస్త్రీ ధోవతితో వచ్చి, ఎవరూ విప్పమనకపోయినా గుమ్మంలో చెప్పులు విప్పి, పిల్లల ముందు నిలబడి పీత కథ చదివారు. ముప్ఫై మందీ చేతులు కట్టుకుని విన్నారు. మూడో చెప్పు అయింది, అయిదో చెప్పు అయింది. ఏడో చెప్పు దగ్గర ఆయన నా వంక చూశారు, నేను కిటికీ వంక చూశాను. కథ పూర్తయింది. పిల్లలంతా కళ్లు మూసుకుని ఒక్క గొంతుతో “ఆమెన్” అన్నారు (కథ అయితే అలా అనాలని నేర్పింది నేనే). నా కళ్ల ముందు బి.ఇడి. దరఖాస్తు, దాని అడుగున సంతకానికి వదిలిన ఖాళీ స్పష్టంగా కనిపించాయి. ఏడుపు కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు.

మాస్టారు అలవాటు కొద్దీ ప్రశ్నలకి దిగారు. ఈ కథలో మీకు నవ్వు ఎక్కడ వచ్చింది అని అడిగారు. ముందు వరసలో, పై పళ్లు రెండూ ఊడిన పిల్ల ఒకతి లేచింది. వాళ్లమ్మ మోండాలో ఆకుకూరలు అమ్మేది.

“ఏడో చెప్పు కాడ వచ్చింది సార్. ఆపుకున్న.”

ఎందుకని అడిగారు.

“నవ్వితే టీచర్ బొమ్మ కార్డు ఇయ్యదు సార్.”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అంతకు రెండేళ్ల క్రితం బైబిల్లో గాడిద మాట్లాడిన కథ చెప్తుంటే ఈ పిల్లలే పడీపడీ నవ్వారు. దేవుని వాక్యం దగ్గర నవ్వులేమిటని నేనే, ఈ నోటితోనే, నవ్విన వాళ్లకి ఆ వారం హాజరుకి ఇచ్చే బొమ్మ కార్డు ఉండదన్నాను. నవ్వేదేదో ప్రార్థన అయ్యాక, గేటు బయట అన్నాను. ఆ పూలబొమ్మల కార్డులంటే వాళ్లకి ప్రాణం. పాపం, రెండేళ్లుగా నవ్వులన్నీ మింగుతున్నారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అమ్మాయ్, నేను నవ్వుకి ప్రశ్నలే వేశాను. నువ్వు జరిమానా వేశావు,” అన్నారు.

సిగ్గుతో చచ్చి, ఇవాళ నవ్వచ్చు అని ప్రకటించాను. ఎవరూ నమ్మలేదు. ఆయన మళ్లీ మొదటి నుంచి, అదే చావు గొంతుతో చదివారు. ఏడో చెప్పు దగ్గర ఆ పిల్ల బెంచీ మీంచి జారిపోయింది, దాంతో మిగతా ఇరవై తొమ్మిది మందీ అందుకున్నారు. గోల విని పక్క గదిలోంచి నాన్న వచ్చారు. పేరు పెట్టే చోటికి వచ్చేసరికి జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. ఆ సాయంత్రం బల్ల మీద దరఖాస్తు కనిపించలేదు, దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టి ఉన్నాయి. మాస్టారు మాట తప్పలేదు, మూడు ప్రశ్నలూ స్వయంగా కొట్టేశారు. నీతి మాత్రం ఉండాలన్నారు, దాన్ని ఆయనే రాశారు: ‘చెప్పులు కొనుటకు ముందు కాళ్లు లెక్కపెట్టుకొనవలెను.’

ఎన్నో ఏళ్ల తర్వాత ఏ.ఎస్. రావు నగర్‌లో ఓ కూరల బండి దగ్గర, కూతురి చెయ్యి పట్టుకున్న ఒకావిడ నన్ను ఆపింది. పళ్లన్నీ ఉన్నాయి గనక పోల్చుకోలేకపోయాను. పీత టీచర్ కదా మీరు అంది. పిల్లల రచయిత్రినని నాలుగు ముక్కలు చెప్పుకుందామనుకునేలోగా, “ఆ ఆదివారం నాకు కార్డు ఇయ్యలే టీచర్,” అంది. నిజమే, ఆ హడావుడిలో ఎవరికీ ఇవ్వలేదు. సండే స్కూలు ఇంకా వదల్లేదు నేను, అందుకని సంచీలో కార్డులుంటాయి. ఒకటి తీసిచ్చాను. గులాబీల బొమ్మది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా పర్సులో పెట్టుకుని, కూతురి ముందే చేతులు కట్టుకుని నిలబడింది.

“ఇప్పుడు నవ్వచ్చా టీచర్?”

పాత మాటే నోటిదాకా వచ్చింది. చుట్టూ చూశాను. గేటేమీ లేదు, అంతా బయటే. నవ్వచ్చన్నాను, ముందు నేనే నవ్వాను.