ప్లైవుడ్డు సింహాసనం

అతను పుట్టినప్పుడు కోట బురుజు మీద ఫిరంగులు పేల్చారట. పదేళ్ళు నిండకుండానే రాజ్యం పోయింది. కొత్త ప్రభుత్వం ఒక చట్టం చేసి రాజులందరినీ మామూలు మనుషుల్ని చేసింది. తండ్రి సంతకం పెట్టి, ముందువైపు జనం గుమిగూడారని వంటింటి తలుపులోంచి భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని బయటపడ్డాడు.

ఆ తర్వాత వాళ్ళ కాపురం ఒక బేకరీ పైనున్న రెండు గదుల్లో. తల్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. తండ్రి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. మంచినీళ్ళు కావాలన్నా "ఎవరక్కడ?" అనేవాడు. అక్కడ ఉన్నది పెళ్ళామూ కొడుకే. కిటికీ తెరిచి ఉంటే ఆ కేక విని కింద బేకరీ పనివాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. అందుకని తండ్రి గొంతు సవరించుకోగానే పిల్లవాడు ముందు పరుగెత్తుకెళ్ళి కిటికీ మూసేవాడు, తర్వాతే నీళ్ళు.

బళ్ళో ఒక మేష్టారు చరిత్ర పాఠం మధ్యలో అతన్ని లేపి నిలబెట్టాడు. "చూశార్రా, ఆ చట్టం రాకపోతే వీడు మనందరికీ రాజయ్యేవాడు!" మేష్టారు మంచివాడే, ఏదో ముచ్చటపడి అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అతని చొక్కా చంకలో చిరిగి ఉంది. అది కనబడకుండా చేతులు ఒంటికి అంటించుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అందరూ 'కిరీటం' అనే పిలిచారు. ఆ పిలుపు భరించలేక చదువు మధ్యలో మానేసి, తనెవరో తెలియని పేటలో ఒక కరెంటు మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు.

పని బాగా అబ్బింది. పళ్ళ దుకాణంలో పనిచేసే అమ్మాయిని ఇష్టపడి, పెళ్ళికి ముందు దాచడం తప్పని సంగతంతా చెప్పాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే నేను రాణీనన్నమాట! సరే మహారాజా, ముందు మా ఇంట్లో ఆ బల్బు సంగతి చూడు." కూతురు పుట్టి, పెరిగి, ఊహ తెలిశాక దానికీ చెప్పారు. "బయట అనకమ్మా, నవ్వుతారు" అని అతనే ఒట్టు వేయించుకున్నాడు.

అలా వయసు మీదపడింది. మోకాళ్ళు నిచ్చెన ఎక్కనంటున్న రోజుల్లో కోట చేతులు మారి హోటలైంది. అక్కడ వైర్లు మార్చడానికి వెళ్ళిన పనివాళ్ళలో అతనూ ఒకడు. భోజనాల హాలులో అతని తాతగారి పటం ఉంది. దాని కింద నిలబడి స్విచ్చిబోర్డు విప్పుతుంటే హోటల్ మేనేజరు పటాన్నీ అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"మీరు... ఆ కుటుంబమేనా?"

కాదనవచ్చు. జీవితమంతా కాదనే చెప్పాడు. ఆ రోజెందుకో నోరు జారింది.

వారం తిరక్కుండా మేనేజరు ఒక ఏర్పాటు చేశాడు. ఆదివారాలు మధ్యాహ్నం విందుకొచ్చేవాళ్ళ ముందు అతను జరీ కోటు తొడుక్కుని, కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చోవాలి. అసలు సింహాసనం ఎప్పుడో అమ్ముడుపోయింది. ఇది వడ్రంగి చేత ప్లైవుడ్డుతో చేయించి బంగారు రంగు పూసినది. అతను మొదట ససేమిరా అన్నాడు. తర్వాత, నిచ్చెనలు ఎక్కే బాధ తప్పుతుంది కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఇంట్లో మాత్రం "వైరింగు చూసుకోవడానికి ఆదివారం కూడా రమ్మన్నారు" అన్నాడు.

మొదటిరోజు సిగ్గుతో తల ఎత్తలేదు. కానీ అతను లోపలికి రాగానే హాలంతా లేచి నిలబడింది. అదంతా తమాషాకేనని తెలుసు. అయినా ఒళ్ళు జలదరించింది. రెండు మూడు నెలలు గడిచేసరికి ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూడటం మొదలైంది. ఎవరైనా సరిగ్గా వంగకపోతే "ఇంకాస్త" అనేవాడు. నడకలో తండ్రి నడక వచ్చేసింది.

ఒక ఆదివారం చెప్పుల కంపెనీ ఉద్యోగులు విందుకొచ్చారు. వాళ్ళలో కూతురుంది. అదే కంపెనీలో లెక్కలు చూస్తుంది, ఆఫీసు దగ్గరే గది తీసుకుని ఉంటోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. అమ్మాయి మొహంలో ముందు ఆశ్చర్యం, వెంటనే చిన్న నవ్వు. ఒక అడుగు ముందుకు వేసింది కూడా.

ఈలోగా పక్కనున్న స్నేహితురాలు గట్టిగా అంది. "రాజుగారూ, మా పిల్ల ముక్కు చూడండి, అచ్చం మీదే!"

హాలంతా అతని వైపు తిరిగింది. 'నా కూతురే' అంటే చాలు. కానీ పక్కనే మేనేజరు ఉన్నాడు, తల మీద కిరీటం ఉంది, అందరూ నిలబడి ఉన్నారు. అతను గడ్డం పైకెత్తి అన్నాడు.

"రాజవంశపు ముక్కు అందరికీ రాదమ్మా!"

అందరూ విరగబడి నవ్వారు. కూతురూ నవ్వింది. అందరితో పాటు వరసలో వచ్చి, సింహాసనం పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వెళ్ళింది. ఆ పిల్ల చెయ్యి కోటుకు తగిలింది, అతను తల తిప్పి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం కూతురు ఇంటికొచ్చింది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"ఇవాళ నాన్న పనిచేసే చోటికే వెళ్ళాం అమ్మా."

"అవునా? వైరింగు బాగుందా మరి?" అంది తల్లి.

"బాగుంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి."

అతను కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు. చిన్నప్పటి సంగతొకటి కళ్ళముందు ఆడింది. ఒకసారి వీధిలో పాత మిత్రుడెవరో ఎదురైతే, కుట్టిన బట్టల మూట మోస్తూ వెనకే వస్తున్న అమ్మను చూపించి తండ్రి "మా దర్జీది" అన్నాడు. అమ్మ మూట సర్దుకుని ఏమీ ఎరగనట్టు ముందుకు నడిచింది. ఆ పూట తండ్రిని ఎంత అసహ్యించుకున్నాడో అతనికి ఇంకా గుర్తే.

మర్నాడు పనికి పోకుండా కంపెనీకి వెళ్ళాడు. కూతురు కిందికి దిగి వచ్చింది, వెనక ఆ స్నేహితురాలు. గుమాస్తాలు, డ్రైవర్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. అతను ఆ స్నేహితురాలితో, అందరికీ వినబడేలా అన్నాడు.

"నిన్న అబద్ధం చెప్పానమ్మా. ఇది నా కూతురు. సొంత కూతురు."

స్నేహితురాలు నోరు వెళ్ళబెట్టింది. "అమ్మో! అయితే నువ్వు యువరాణివా? ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే!" క్షణంలో పదిమంది చుట్టూ మూగారు. ఒకడు వంగి వంగి దండాలు పెట్టాడు, ఇంకొకడు ఫోను తీశాడు. కూతురి మొహం కందగడ్డయింది. తండ్రి రెక్క పట్టుకుని గబగబా బస్‌స్టాపు దాకా లాక్కెళ్ళింది.

"తప్పు ఒప్పుకోవాలంటే ఇంటికొచ్చి ఒక్క మాట చెబితే సరిపోదా నాన్నా? దానికి కూడా నీకు సభ కావాలా?"

బస్సు వచ్చింది. అతను ఎక్కి, ఖాళీ సీట్లున్నా కూర్చోకుండా ఇంటిదాకా నిలబడే వెళ్ళాడు. అప్పుడు భార్యకు మొత్తం చెప్పాడు. ఈసారి ఆమె నవ్వలేదు. "దాన్ని కాదన్నావా?" అని ఒక్కటే అడిగి లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

హోటల్లో ఆ పని మానేశాడు. మేనేజరు ఒక నాటకాల ఆయన్ని తెచ్చి కూర్చోబెట్టుకున్నాడు. ఆయన అతనికంటే రాజులా ఉన్నాడని తోటి పనివాళ్ళు చెప్పారు. ఆఫీసులో కూతుర్ని కొన్నాళ్ళు 'యువరాణీ' అని ఏడిపించారని భార్య ద్వారా తెలిసింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా చంకలో చిరిగిన ఆ పాత చొక్కా మళ్ళీ తొడుక్కున్నట్టు చేతులు ఒంటికి అంటుకుపోయేవి.

చాలా వారాల తర్వాత కూతురు ఫోన్ చేసింది. "మా గదిలో స్విచ్చి నిప్పురవ్వలు రాలుస్తోంది. వస్తావా?"

సామాను సంచీతో వెళ్ళాడు. మెయిను ఆపి, కుర్చీ మీద నిలబడి బోర్డు విప్పి, కొత్త స్విచ్చి వేసి మరమేకులు బిగిస్తున్నాడు. మోకాళ్ళు వణుకుతుంటే కూతురు కుర్చీని గట్టిగా పట్టుకుంది. తలుపు తెరిచే ఉంది. పక్కగది ఆవిడ తొంగిచూసి "ఎవరమ్మా వచ్చింది?" అంది.

"మా నాన్నండీ. స్విచ్చి బాగుచేస్తున్నాడు."

కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా అంది. ఆ రెండు మాటలే ఆ రోజు హాలులో తన నోటికి రాలేదు. అతను గోడవైపే తిరిగి ఉండి, బిగిసిపోయిన మరమేకును ఇంకా బిగిస్తూనే ఉన్నాడు.

"చాలు నాన్నా," అంది కూతురు కిందినుంచి. "విరిగిపోతుంది."