పసుపుతో మొదలుపెట్టాలి

మా ఇంట్లో మగవాళ్ళు అంగడికి చీటీ పట్టుకుపోరు. ఇది మా తాత పెట్టిన కట్టుబాటు. చీటీ అనేది పనివాళ్ళ చేతిలో ఉండాల్సిన వస్తువని ఆయన లెక్క. ఆయన వాలుకుర్చీలో కూర్చుని నెల సామాను చెబుతుంటే గుమాస్తా రాసుకునేవాడు. ఒక్కటీ తప్పేది కాదు, రెండోసారి చెప్పేది లేదు. మొదటి మాట పసుపు. శుభంగా ఉండాలంటే ఏ లిస్టయినా పసుపుతో మొదలుపెట్టాలి. ఇది మా ఇంటి పద్ధతే కాదు, పుదుచ్చేరిలో ఏ అంగడివాణ్ణి అడిగినా చెబుతాడు. పసుపును పక్కనపెట్టి నల్ల నువ్వులతో మొదలయ్యే లిస్టు ఒకటే ఉంది. అది ఇంట్లో మనిషి పోయినప్పుడు చెప్పేది.

తాత తరవాత వేరుశనగ మండీ పోయింది. సముద్రం వైపు ఉన్న పెద్ద ఇల్లు కూడా పోయింది. కుర్చీ, గుమాస్తా లేకపోయినా కట్టుబాటు మాత్రం మా నాన్నకూ, ఆయన నుంచి నాకూ వచ్చింది. నేను రెడ్డియార్‌పాళయంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాను. మేట్టుపాళయంలో ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో స్టోర్సు చూస్తాను. ముప్పై ఏళ్ళుగా ప్రతి నెలా ఒకే అంగడికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, నలభై రెండు సామాన్లు ఒక్క బిగిన చెప్పి వచ్చేవాణ్ణి. అంగడాయన కూడా మా మాదిరే తరాల కింద ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళ బిడ్డ. పక్కన ఎవరున్నా నన్ను చూపించేవాడు.

"చూడండప్పా, అయ్య నోరు తెరిస్తే కంప్యూటరే. కరెంటు పోయినా నిలవదు."

నేను నవ్వేవాణ్ణి కాదు. ఆ మాట వినడానికే వెళ్ళేవాణ్ణేమో అని ఇప్పుడనిపిస్తుంది.

పోయిన ఏడాది ఒక నెల, పదకొండో సామాను దగ్గర ఆగిపోయాను. ధనియాలు అన్నాక ఏమీ రాలేదు. మతికి రాకపోవడం అంటే ఏదో నాలుక చివర ఆడుతూ ఉంటుందని అనుకునేవాణ్ణి. అలా లేదు. మెట్టు ఉందనుకుని కాలు పెడితే కింద ఏమీ లేనట్టుంది. అంగడాయన త్రాసు మీద చేయి పెట్టి కాచుకున్నాడు. "మిగతాది సాయంత్రం చెబుతాను" అని చెప్పి, వీపు నిటారుగా పెట్టుకుని వచ్చేశాను. వీధి మలుపు తిరిగాక గోడ పట్టుకున్నాను.

నాకు భయం వేసింది ఆ సామాను గురించి కాదు. ముప్పై ఏళ్ళ కింద మా నాన్న అదే అంగడి ముందు ఇలాగే ఆగిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. నాకు ఆ మాట తెలుసు. అందిస్తే ఆయనకు చిన్నతనమని నోరు మూసుకున్నాను. ఆ తరవాత మూడేళ్ళు కూడా పట్టలేదు. ఒక మధ్యాహ్నం ఆయన కనిపించకుండా పోతే ఊరంతా వెతికాను. మా పాత ఇల్లు అప్పటికే హోటలు అయింది. అక్కడ ముందు హాల్లో చేతుల కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని సామాను చెబుతున్నాడు. కౌంటరులో ఉన్న అమ్మాయి ఆయన పక్కన నిలబడి, హోటలు కాగితం మీద అంతా రాసుకుంటోంది. నన్ను చూసి "మీ నాన్నగారా? చాలా మర్యాదగా మాట్లాడుతున్నారు సార్" అంది. ఆ కాగితం నా చేతికిచ్చింది. పసుపుతోనే మొదలైంది. పన్నెండో వరస నుంచి మళ్ళీ పసుపు, మళ్ళీ పసుపు, కాగితం కిందిదాకా.

ఆయన పోయినప్పుడు ఆ నువ్వుల లిస్టు చెప్పింది నేనే. అదే అంగడిలో, చీటీ లేకుండా.

అందుకని పోయిన ఏటి నుంచి రహస్యంగా రాయడం మొదలుపెట్టాను. తెలుగులో రాసేవాణ్ణి. చిన్నప్పుడు అవ్వ పలకమీద దిద్దించిన అక్షరాలవి. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నా, చదవగలిగినవాళ్ళు లేరు. నా భార్య చదివింది తమిళ బడిలో. చీటీ జేబులోంచి జారిపడ్డా నా గుట్టు జారిపడదు. బస్సులో చీటీ చూసుకుని కంఠస్థం చేసి, అంగడి రాకముందే మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. ఇంటికొచ్చాక చించి పారేశాననే అనుకునేవాణ్ణి.

ఫ్యాక్టరీలోనూ అంతే. మెషిన్ల దగ్గర నుంచి అడిగిన సామాను ఏ అరలో ఉందో తల తిప్పకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అందరికంటే ముందే వెళ్ళి అరల మధ్య నడుస్తూ, ఏది ఎక్కడుందో చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాను. ఒకరోజు ఒక బేరింగు కోసం అరగంట వెతికాను. ఫోర్క్‌లిఫ్టు నడిపే ఆయన వాకిట్లో నిలబడి చూసి చూసి, "సార్, మీ ఎడమ చేతిని కూడా ఒకసారి అడిగి చూడండి" అన్నాడు. బేరింగు నా ఎడమ చేతిలోనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నీ పని చూసుకో" అన్నాను. ఆ రోజంతా చేతులు చూసుకుంటూనే ఉన్నాను.

ఇక ఈ మధ్య జరిగింది చెప్పాలి.

ఆ నెల చీటీ జేబులోనే ఉంది. బస్సులో రెండుసార్లు చదివాను. అంగడి ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాను. నోరు తెరిచాను. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తట్టుకోకుండా, బరువులతో సహా. ఏడాదిగా నా గుండె మీద కూర్చున్నది లేచి వెళ్ళిపోయినట్టయింది. చీటీ తాకను కూడా లేదు. అంగడాయన ఎందుకో తన ఎత్తు పీట మీద నుంచి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. ఏమీ మాట్లాడకుండా తూచి కట్టాడు. పక్కింటామె కూడా అక్కడే ఏదో కొంటోంది. నన్ను చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదంతా మర్యాదనుకున్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నన్నెవరూ ఏదీ అడగరు. ముప్పై ఏళ్ళుగా నేను నిలబడ్డ తీరే అలాంటిది.

సంచి తీసుకుని కదిలాను. కొంత దూరం వచ్చాక ఏదో వెలితిగా తోచింది. అంగడాయన ప్రతి నెలా "పోయిట్టు వాంగయ్యా" అంటాడు, పోయి రండని. ఆ రోజు అనలేదు. సాగనంపే ఆ మాట అనకుండా పంపేది ఒక్క చావు విషయంలోనే. వాడికి నా మీద కోపమేమో అనుకున్నాను. కొంచెం కించ పడ్డాను కూడా.

ఇంటి ముందుకు వచ్చేసరికి వాకిట్లో చెప్పులున్నాయి. ఆరేడు జతలు, అన్నీ ఆడవాళ్ళవి, గబగబా విడిచినట్టు అడ్డదిడ్డంగా. పక్కింటామె స్కూటీ వంకరగా నిలబెట్టి ఉంది. లోపల గుసగుసలు.

అక్కడ నిలబడిపోయాను. ఆ కాసేపట్లో నాకు జరిగింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరో పోయారని నమ్మాను. నమ్మడం కాదు, అది నాకు ముందే తెలిసిన విషయమనీ, దానికోసమే అంగడికి వెళ్ళి వస్తున్నాననీ అనిపించింది. ఎవరు పోయారో మాత్రం మతికి రాలేదు. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే. రెండో మనిషి ఎవరా అని వెతుక్కున్నాను. సంచి పట్టుకుని, నా సొంత గుమ్మం ముందు, ఎండలో, ఆ మొహం కోసం వెతుక్కున్నాను.

లోపలి నుంచి నా భార్య గొంతు వినిపించింది.

"ఎవరు పోయినారని వచ్చినారమ్మా మీరంతా?"

"అన్న నువ్వుల సామాను కొన్నాడక్కా. నా కళ్ళతో చూసినా. నువ్వే పోయినావనుకుని ఉరుక్కుంటా వచ్చినా."

"నేనా? నేను పోతే పొయ్యి మీది సాంబారు ఎవరు దించేది, మీ ఆయనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో "చీ, శుభమా అని" అని కసిరారు. నేను లోపలికి అడుగుపెట్టాను. అందరూ నా చేతి సంచి వైపే చూశారు. నా భార్య వచ్చి సంచి తీసుకుని లోపలికి చూసింది. నల్ల నువ్వులు, పచ్చి బియ్యం, దర్భలు, కర్పూరం, నెయ్యి. ఆమె మొహంలో ఏమీ మారలేదు.

"ఓ, ఇదా? ఈయన పెదనాన్న తిథి. నేనే తెమ్మన్నా. ఆ అంగడాయనకు ఏంది ఈ తొందర? రండి, కాఫీ తాగి పోండి."

మాకు అలాంటి పెదనాన్న లేడు. ఆమె నా పరువు కాపాడడానికి నా వంశంలో ఒక మనిషిని పుట్టించి చంపేసింది.

కాఫీలు తాగి, అంగడాయన్ను తిట్టుకుంటూ వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె బియ్యం డబ్బా వెనక నుంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తీసి నా ముందు పెట్టింది. లోపల నా చీటీలు. నేను చించి పారేశాననుకున్నవన్నీ ఉన్నాయి.

"ఉతికే ముందు చొక్కా జోబుల్లో దొరికినవి. నాకు ఈ అక్షరాలు రావు. వరసలు లెక్కపెట్టేది వచ్చు. మొదట్లో నాలుగు వరసలు ఉండె. పోయిన నెల నలభై. ఒక్కోసారి ఒకే నెలకు మూడు చీటీలు."

ఆమె వాటిల్లో వెతికి, బస్సు టికెట్టు అంత చిన్న ముక్క ఒకటి తీసింది.

"ఇది ఏంది? రెండే వరసలు."

తీసుకుని చదివాను. నా దస్తూరే. "రెడ్డియార్‌పాళయం స్టాపు. అక్కడ దిగాలి." అని ఉంది. ఎప్పుడు రాశానో నాకు తెలియదు.

"ఫ్యాక్టరీ పని" అన్నాను.

ఆమె ఆ ముక్కను నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మళ్ళీ డబ్బాలో పెట్టింది. "రేపు ఫ్యాక్టరీకి లీవు చెప్పండి. ఆస్పత్రికి పోతన్నాం. మీ నాన్నను తీసుకుపోకుండా పరువని కూర్చున్నారు. మిమ్మల్ని నేను అట్ల కూర్చోనియ్యను" అంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మా అమ్మాయి వయసుంటుంది, మాకు అమ్మాయి ఉండి ఉంటే. ఎప్పటి నుంచి, ఏమేం మరిచిపోతున్నారని అడిగింది. నేను అడపాదడపా అన్నాను. నా భార్య సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. తమిళంలో, తారీకులతో, ఏడాది పొడుగునా నా తప్పులు. గ్యాసు ఆపలేదు. ఒకే కథ మూడుసార్లు చెప్పారు. తాళం వేసి తాళం వేశానా అని అడిగారు. మొదటి పేజీ పైన పిళ్ళైయార్ సుళి దిద్ది ఉంది. తమిళంలో వినాయకుణ్ణి తలుచుకుని పెట్టే గుర్తు. ఆ గుర్తు లేకుండా ఆమెకు ఏ లిస్టూ రాయడం రాదు. నా పతనాన్ని కూడా శుభంగానే మొదలుపెట్టింది.

డాక్టరమ్మ అయిదు మాటలు చెప్పి, గుర్తుంచుకోమంది. తరవాత గడియారం బొమ్మ గీయించింది, నూరు నుంచి ఏడేడు తీసేయించింది. ఆ లెక్కలు తప్పలేదు. అంతా అయ్యాక ఆ అయిదు మాటలు అడిగింది. వీపు నిటారుగా పెట్టుకున్నాను. గొడుగు. తాళంచెవి. బెల్లం. సబ్బు.

నా భార్య తన ఒళ్ళో చేతుల వైపు చూస్తోంది.

"ఫరవాలేదు సార్" అంది డాక్టరమ్మ. ఆ మాట మంచిదో చెడ్డదో ఆమె మొహంలో తెలియలేదు. మందు రాసింది, స్కానింగుకు రాసింది. ఇది అదేనా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేనంది, ఆరు నెలలకు మళ్ళీ ఈ అయిదు మాటల పరీక్షే పెడతానంది.

బస్సులో నా భార్య "ఆ అయిదోది చెప్పమంటారా?" అంది.

"వద్దు. అదే వస్తుంది."

ఇప్పుడు నేను అంగడికి చీటీతో వెళుతున్నాను. చేతిలో పట్టుకుని, అందరికీ కనపడేలా. నేను చెబుతుంటే ఆమె తమిళంలో రాస్తుంది, నేను ఎక్కడైనా ఆగితే కాచుకుంటుంది, అప్పటికీ రాకపోతే తనే రాసేస్తుంది. అంగడాయన మొదటి నెల చీటీ కోసం చేయి చాపాడు. నేనివ్వలేదు. నిలబడి పసుపు నుంచి చివరిదాకా చదివాను. పోతుంటే "పోయిట్టు వాంగయ్యా" అని ఎప్పటికంటే గట్టిగా అన్నాడు.

అయిదో మాట ఇంకా రాలేదు. మిగిలిన నాలుగింట్లో బెల్లం, సబ్బు అంగట్లో దొరికేవే కాబట్టి అదీ అలాంటిదే అయి ఉండవచ్చు. అందుకే చీటీ చదువుతున్నంతసేపూ ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఆ మాట ఈ వరసల్లోనే ఎక్కడో ఉండవచ్చు. నేను దాన్ని పైకి చదివి ఉండవచ్చు. అంగడాయన తూచి కట్టి ఉండవచ్చు, నేను సంచిలో వేసుకుని, ఏమీ తెలియకుండా, ఇంటికి మోసుకొచ్చి ఉండవచ్చు.