రాలిన కాయ ఖరీదు

1984 ఏప్రిల్. నూజివీడులో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ఆ ఏడు పరీక్షలు వెనక్కి జరగడంతో ఎండల్లోనూ క్లాసులు నడిచాయి. వస్తువుకి విలువ ఎక్కణ్ణుంచి వస్తుందన్న పాఠమంటే నాకు మహా ఇష్టం. శ్రమ నుంచి అన్నారు పాతతరం ఆర్థికవేత్తలు. కాదు, కొనేవాడి అవసరం నుంచి అన్నారు తరవాతివాళ్ళు. ఇప్పటికీ తెగని తగువు.

ఆ రోజు ‘ఫ్రీ గూడ్’ చెబుతున్నాను. అంటే కావలసినంత దొరికే, ధర లేని వస్తువు. గాలి, వెలుతురు అని ఊరుకోవచ్చుగా! మామిడి ఊళ్ళో ఉన్నాం కదా అని, “గాలికి రాలిన మామిడికాయ” అన్నాను.

ముసునూరు నుంచి బస్సులో వచ్చే నాగమణి లేచింది. వాళ్ళమ్మ సూరమ్మ మామిడితోటలో కూలి.

“అది ఊరికే రాదండి మాస్టారూ. ఏరాలి, చెక్కు తియ్యాలి, ముక్కలు కోసి ఉప్పేసి ఎండబెట్టాలి. ఆ ఒరుగులు అమ్మే మా అమ్మ నా ఫీజు కడతందండి.”

నేను పొంగిపోయాను. శ్రమే విలువ అని బోర్డు నిండా రాసేశాను. ఆ తోట కాపు కొనుక్కున్న వెంకట్రావు గారి అబ్బాయి అదే క్లాసులో ఉన్నాడన్న సంగతి నాకు తట్టలేదు.

మా వైపు కాపుని పూత మీదే అమ్మేస్తారు. ఆ తరవాత కాయంతా కొన్నవాడిదే. రాలినవి మాత్రం కూలివాళ్ళు ఏరుకుంటారు, ఎవరూ అడగరు. క్లాసులో నాగమణి చెప్పిన మాట అబ్బాయి ద్వారా ఇంటికి చేరింది. రెండో రోజుకల్లా వెంకట్రావు గారు తోట గుమ్మంలో కాటా పెట్టించి, రాలిన కాయలో సగం తనదన్నారు.

“ఈ ఏడు పరీక్ష రాయనేమోనండి” అంది నాగమణి. ఫీజు గడువు ఇంకా రెండు వారాలుంది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

సైకిలేసుకుని తోటకి వెళ్ళాను. వెంకట్రావు గారు మర్యాదగా మజ్జిగ ఇప్పించారు.

“విలువుందని చెప్పింది మీరే కదండీ మాస్టారూ. విలువున్నదాన్ని వదులుకోమంటారేంటి?”

వాడుక గురించీ న్యాయం గురించీ ఏదో గొణిగాను. ఇంతలో సూరమ్మ ఖాళీ గంపతో వచ్చింది.

“కాయలు మీయేనండి బాబుగారూ. మీరే ఏరించుకోండి. కోతకొస్తాం గానీ ఏరడానికి రామండి.”

“ఓస్, అంతేగా” అన్నారాయన.

మర్నాడు గాలి వీచింది. రాలిన కాయ రాలినట్టే పడి ఉంది. నాలుగు రోజుల్లో కుళ్ళి, పండు ఈగ లేచింది. ఆ ఈగే చెట్టు మీద కాయనీ పొడుస్తుంది, కాపంతా పుచ్చిపోతుంది. ఏరడానికి వేరే ఊరి కూలీలు అడిగిన రేటు విని వెంకట్రావు గారే సూరమ్మ ఇంటికి వెళ్ళారు.

“ఎప్పట్లాగే ఏరుకోండమ్మా.”

“ఎప్పట్లాగే అయితే సరేనండి. ముందా కాటా తీయించండి.”

ఆఖరి రోజున ఫీజు కట్టింది నాగమణి. నేను విలువ కోసం కాయలో వెతికాను. నిజానికి ఆ ఆడవాళ్ళు కాయ ఏరుతూ తోట శుభ్రం చేస్తున్నారు, ఆ కాయే వాళ్ళ కూలి. ఎక్కడా రాసి లేదు కాబట్టి అటు వెంకట్రావు గారికీ కనపడలేదు, ఇటు ఇంత చదివిన నాకూ కనపడలేదు.

తరవాతి క్లాసులో జాగ్రత్తపడి, ఫ్రీ గూడ్ అంటే ఎండ అన్నాను. నాగమణి చెయ్యెత్తింది.

“ఒరుగులు ఎండేదాకా కాకుల్ని తోలుతా కూర్చోవాలండి మాస్టారూ.”

నిజమే. కానీ ఈసారి ముందు వెంకట్రావు గారి అబ్బాయి వచ్చాడేమో చూసుకున్నాను. బోర్డు మీద ఏమీ రాయలేదు.