మాత్రకొచ్చిన జ్వరం

మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. శోషరస వ్యవస్థ పాఠం ఆయన నోట వినాల్సిందేనని రాజోలు చుట్టుపక్కల పేరుండేది. నల్లబల్ల మీద మనిషి బొమ్మ వేసి, "ఒరేయ్, చేనుకి నీరొచ్చే కాలవుంటే చాలదురా, మురుగు పోయే దారి కూడా ఉండాలి. రక్తనాళాలు పంటకాలవలైతే ఈ శోషరస నాళాలు మురుగుకాలవలు. కండల్లోకి ఊరిన నీటిని తోడుకెళ్ళి మళ్ళీ రక్తంలో కలుపుతాయి. దారిలో ఈ కణుపులున్నాయి చూశారూ, ఇవి లాకులు. తెల్లరక్తకణాలు ఇక్కడ కాపలా కాస్తాయి" అనేవారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. బడి వదిలి సైకిలు మీద ఇంటికి చేరేలోపు ఆ పాఠమంతా ఆయన దారిలోనే ఎక్కడో దించేసి వచ్చేవారు.

డెబ్బైల చివరి మాట ఇది. మా వీధి వెనక కొబ్బరి పీచు నానబెట్టే గుంటలుండేవి. దోమలకి అంతకన్నా మంచి పుట్టిల్లు దొరకదు. వాటి పుణ్యమా అని మా వైపు ఇంటికొకరికైనా కాలు వాచి ఉండేది. దాన్ని బోదకాలు అని ఎవరూ అనేవారు కాదు, "కాస్త నీరు పట్టిందండి" అనేవారు. ఈ జబ్బెరగని మెట్ట ఊళ్ళ చుట్టాలొస్తే కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చేది మేమే. వాళ్ళు తమ కాళ్ళు కడుక్కుంటూ మా కాళ్ళకేసి చూసేవారు. మర్యాదకి మర్యాద, వైద్య పరీక్షకి వైద్య పరీక్ష.

నాన్నగారి అక్క, మా మేనత్త, మా ఇంట్లోనే ఉండేది. ఆవిడ కుడికాలు మోకాలి దగ్గర మొదలై అరటి బోదెలా పాదం దాకా ఒకే లావున దిగేది. మా వీధికి ఆ జబ్బులో పెద్ద వైద్యురాలు ఆవిడే. ఎవరికి గజ్జల్లో బిళ్ళ కట్టినా ఉప్పుమూటతో కాపడం పెట్టించేది, జిల్లేడాకు వెచ్చజేసి కట్టించేది. ఆ కాలు కళ్ళెదుట పెట్టుకుని కూడా ఆవిడ వైద్యాన్ని నమ్మడం మా వంశానికే చెల్లింది.

అమ్మ జాకెట్లు కుట్టేది. పగలంతా మిషను తొక్కుతూనే ఉండేది. ఆ యేడు వానల్లో ఆవిడకి చలి, జ్వరం, గజ్జల్లో బిళ్ళ. తగ్గింది. మళ్ళీ వచ్చింది. కుడిచెప్పు వారు బిగుతైంది. "గాలి మార్పు" అన్నారు నాన్నగారు. అత్త ఉప్పు వేయించింది. అమ్మ మాత్రం సాయంత్రాలు రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూసుకునేది. "ఈ కాలు కూడా మీ అత్తకాలు అయిపోతే మిషనెలా తొక్కుతానే?" అని నన్నడిగింది ఒకసారి. నాకేడుపొచ్చింది.

ఫైలేరియా ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు అందరి వేళ్ళకీ సూది గుచ్చి రక్తం తీసుకెళ్ళారు. అదీ చీకటి పడ్డాకే. ఆ పురుగుల పిల్లలు పగలు రక్తంలోకి రావట, అంత మర్యాదస్తులు. అమ్మ రక్తంలో ఉన్నాయని తేలింది. వీధిలో అందరికీ మాత్రలిచ్చి రోజూ తప్పకుండా వేసుకోమన్నారు. మొదటిరోజు మాత్రకే అమ్మకి ఒళ్ళు కాలిపోయింది, బిళ్ళ మళ్ళీ లేచింది. వీధిలో మరికొందరికీ అలాగే అయింది. పురుగుల్లేనివాళ్ళు మాత్ర మింగి, చల్దన్నం తిని హాయిగా తిరిగారు.

"చూశావా తమ్ముడూ, బాగున్న మనిషికి జబ్బు తెచ్చిపెట్టేరు" అంది అత్త. నాన్నగారు ఆలోచించారు. నెలనెలా మంచమెక్కే అమ్మ 'బాగున్న మనిషి' ఎప్పుడైందని అడగాల్సింది పోయి, "నీ ఒంటికి పడలేదు, ఆపెయ్" అని తేల్చేశారు.

"ఆయ్" అంది అమ్మ.

మా అరుగు మీద నాన్నగారు పదో తరగతి పిల్లలకి ట్యూషను చెప్పేవారు. గోడకివతల అమ్మ మిషను. ఆ వారంలోనే ఒక సాయంత్రం వ్యాధి నిరోధకత పాఠం వచ్చింది. "జ్వరమే శత్రువనుకునేవాడు మొద్దురా. లోపల తెల్లరక్తకణాలు శత్రువుని పట్టుకుని తంతున్నాయి, ఆ గొడవకే ఒళ్ళు కాలుతుంది" అని నాన్నగారు గొంతెత్తి చెబుతున్నారు. అమ్మ మిషను ఆగింది.

"అయితే మాత్రేసుకున్నాక జ్వరమొచ్చిందంటే లోపల పురుగులు చస్తున్నట్టే కదే?" అంది నాతో మెల్లిగా. మాత్రలు మిషను సొరుగులో, దారపుండల కింద ఉన్నాయి. నాన్నగారు అరుగు మీద పాఠం చెబుతున్నంతసేపూ ఇంట్లోకి రారు. ఆ రోజు నుంచి ఆ వేళకే అమ్మ మాత్ర మింగేది. ఇంకో రెండు రోజులు జ్వరం కాసింది, ఆ తర్వాత మాత్రలైతే మింగింది గానీ జ్వరం రాలేదు. రాత్రిపూట కాలు సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, దిండు మీద ఎత్తిపెట్టి పడుకునేది. కాలు మామూలైపోయిందని చెప్పను. చెప్పు వారు మళ్ళీ ఒక బెజ్జం వదులైంది, వాపు ఇక పెరగలేదు.

మరుసటేడు చర్చిలో కృతజ్ఞతా కూడిక. ఎవరికి జరిగిన మేలు వాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. నాన్నగారు లేచారు. మాస్టారు కదా, మైకు లేకపోయినా వెనక వరసకి వినపడుతుంది. "నా భార్యకి వాళ్ళిచ్చిన మాత్రలు పడలేదండి. నేను ధైర్యం చేసి ఆపించేను. ప్రార్థన చేసేను. ఈవాళ ఆవిడ కాలు ఎలాగుందో మీరే చూడండి" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. దేవుడి మీద కాదు, దేవుడితో వాటా కలుపుకున్న ఆయన మీద.

అమ్మ పక్కన చాప మీద కూర్చున్న పక్కింటి పిన్నిగారికి అప్పుడే కాలు వాపు మొదలౌతోంది. ఆఫీసువాళ్ళు మళ్ళీ వచ్చి ఇచ్చిన మాత్రలు ఆ వారమే మొదలుపెట్టింది, జ్వరంతోనే వచ్చింది. "అయితే నేనూ ఆపేస్తానండి అక్కగారూ" అంది అమ్మ చెవిలో, పెద్ద బరువు దిగినట్టు.

భయమేస్తే మూత్రపిండాల మీది గ్రంథులు రక్తంలోకి ఏదో వదులుతాయని, దానికే గుండె దడదడలాడుతుందని నాన్నగారే చెప్పారు. అమ్మ లేచి నిలబడగానే ఆ గ్రంథులు నాకు బ్రహ్మాండంగా పనిచేశాయి.

"అయ్యగారూ, నాదీ ఒక సాక్ష్యమండి" అంది అమ్మ పాస్టరుగారితో. "మాస్టారు ఆపమన్నారు గానీ నేను ఆపలేదండి. అన్నీ వేసేసుకున్నానండి. జ్వరమొస్తే లోపల పురుగులు చస్తున్నాయనుకున్నానండి. ఆ సంగతి మా మాస్టారి పాఠంలోనే విన్నానండి. దేవుడు మేలు చేసేడు, మాత్ర కూడా చేసిందండి. ఎవరూ ఆపకండి."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. పిన్నిగారు మాత్రం అమ్మ కొంగు పట్టుకుని, జ్వరం ఎన్నాళ్ళుంటుందో, గంజి తాగొచ్చో లేదో అక్కడే అడగడం మొదలుపెట్టింది.

ఇంటి గుమ్మం దాటాక నాన్నగారు, "నలుగురిలో నా పరువు తీసేవు" అన్నారు.

అమ్మ చెప్పులు విప్పి ఓ పక్కన పెట్టింది. "మీ పరువుకేమండీ, రేపు బడికెళ్ళి ఓ పాఠం చెప్తే తిరిగొచ్చేస్తుంది. పక్కింటావిడ కాలు పోతే ఎవరు తెస్తారండి?" అంది.